విశాఖ కొండల్లో పొన్నంగి పిట్టను చూడడం ఎలా: సమగ్ర మార్గదర్శి

పొన్నంగి పిట్టను వెతకడానికి బయలుదేరేవారిలో చాలామంది తల పైకెత్తి కొమ్మలను గాలిస్తారు. ఆ పిట్ట మాత్రం కూతకూ నిద్రకూ తప్ప పెద్దగా చెట్టెక్కదు. పగలు ఎక్కువ సేపు పొదల నీడలో, రాలిన ఆకుల మధ్య గెంతుతూ, ముక్కుతో ఆకులను తిరగేస్తూ, వాటి కింద దొరికే పురుగులనూ వానపాములనూ ఏరుకు తింటుంది. అందువల్ల అది ఊరి పక్కనే తిరుగుతున్నా ఎవరి కంటా పడకపోవడంలో వింత లేదు. విశాఖపట్నాన్ని ఆనుకుని ఉన్న కొండలు దీన్ని చూడడానికి అనువైనవే గాని, ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏమి వినాలి అన్న మూడు సంగతులు ముందుగా తెలిసి ఉండాలి. మూడింటిలోనూ వినడమే ముఖ్యమని నా అభిప్రాయం. చెవికి అందని పొన్నంగి కంటికి అందడం చాలావరకు అదృష్టం మీద ఆధారపడిన విషయం.

మొదటి అంచె: ఆనవాళ్లు పట్టుకోవడం

ఈ పిట్టకు 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ శాస్త్రీయ నామం పెట్టాడు; నేడు దాన్ని పిట్టా బ్రాకీయూరా అంటున్నారు. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, బరువు 50 నుండి 60 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది, అంటే గోరింక కన్నా చిన్నది. తోక ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది, కాళ్లు పొడవుగా బలంగా ఉంటాయి. తల గోధుమ రంగు, నడినెత్తిన ఒక నల్లని చార, కంటి మీదుగా మెడ దాకా వెడల్పాటి నల్లని పట్టీ, దాని పైన సన్నని తెల్లని గీత, తెల్లని గొంతు, ఆకుపచ్చని వీపు, భుజం మీదా తోక మొదట్లోనూ మెరిసే నీలం, లేత పసుపు కలిసిన గోధుమ వన్నె రొమ్ము, పొట్ట అడుగు నుండి తోక కింది వరకు ముదురు ఎరుపు: ఇన్ని రంగులు ఒక్క పిట్ట మీదే ఉన్నాయి.

పుస్తకంలో బొమ్మ చూసి వెళ్లినవారు అడవిలో తడబడేది సరిగ్గా ఈ రంగుల దగ్గరే. వెనుక నుండి చూస్తే ఆకుపచ్చని వీపు పొదల నీడలో కలిసిపోతుంది. ఎరుపు పొట్ట అడుగున దాగి ఉంటుంది. నీలం వెలుతురు తగిలితేనే మెరుస్తుంది. నీడలో ముందుగా తెలిసేవి రెండే: తెల్లని గొంతు, దాని పైన నల్లని పట్టీ. కాబట్టి ఏడు రంగుల పిట్ట కోసం కాకుండా నేలకు జానెడు ఎత్తున కదిలే ఒక తెల్లని మచ్చ కోసం వెతకాలి. ఎగిరినప్పుడు రెక్కల కొసల దగ్గర తెల్లని మచ్చలు కనిపిస్తాయి. నిలబడినప్పుడు పొట్టి తోకను నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించడం దీని అలవాటు.

పొరబడే అవకాశం ఉన్న పక్షులు కొన్ని ఉన్నాయి. మెరిసే నీలం చూసి లకుముకి పిట్టను పొన్నంగి అనుకునేవారున్నారు. కాని లకుముకి తీగల మీద, ఎండు కొమ్మల మీద బాహాటంగా కూర్చుంటుంది, పొన్నంగికి ఆ ధైర్యం లేదు. ఆకుల్లో గలగల వినిపిస్తే అది బాబ్లర్ల గుంపు కావచ్చు, నారింజ రంగు తల గల థ్రష్ కావచ్చు. బాబ్లర్లు గుంపుగా, గోలగా ఉంటాయి. పొన్నంగి సాధారణంగా ఒంటరిగా, రెండు మూడు గెంతులు వేసి ఆగిపోతూ తిరుగుతుంది. ఆ ఆగడాన్ని చెవితో గుర్తించడం సాధన చేస్తే వచ్చేదే.

రెండవ అంచె: కాలాన్ని లెక్కకట్టడం

పొన్నంగి వలస పక్షి. హిమాలయాల దిగువ కొండల నుండి మధ్య భారతం వరకు ఉన్న అడవుల్లో వానాకాలంలో పిల్లలను పెంచి, చలికాలానికి ద్వీపకల్పపు దక్షిణ భాగానికీ శ్రీలంకకూ చేరుకుంటుంది. ప్రయాణం రాత్రి వేళ సాగుతుంది. తూర్పు కనుమలు ఈ రాకపోకల మధ్యలో ఉన్నందువల్ల విశాఖకు ఏడాదిలో రెండు అదనులు దక్కుతాయి.

మొదటిది ఏప్రిల్ చివరి వారం నుండి వానలు నిలదొక్కుకునే వరకు ఉండే కాలం. సింహాచలం అప్పన్న చందనోత్సవం జరిగే రోజులు మొదలుకొని నైరుతి ఋతుపవనాలు వచ్చే జూన్ రెండో, మూడో వారం వరకు అని గుర్తు పెట్టుకోవచ్చు. జత కట్టే కాలం దగ్గర పడుతున్నందున పిట్ట ఈ రోజుల్లోనే ఎక్కువగా కూస్తుంది. మబ్బు పట్టిన రోజున, ముఖ్యంగా ముందురోజు సాయంత్రం జల్లు పడి నేల తడిసి ఉంటే, పొద్దెక్కిన తరువాత కూడా కూత ఆగదు. ఏడాదికి ఒక్క ఉదయమే కేటాయించగలిగినవారు మే నెలలో తొలి జల్లు మరునాటి ఉదయాన్ని ఎంచుకోవాలి. రెండవది సెప్టెంబర్ నుండి అక్టోబర్ చివరి వరకు. అప్పుడు పిట్ట కూత తక్కువ. దక్షిణానికి పోతూ ఒకటి రెండు రోజులు ఆగి, దొరికిన తోటలో తిండి తిని సాగిపోతుంది. వెతికి చూడడం కష్టం గాని, అనుకోకుండా ఇంటి పెరట్లో ప్రత్యక్షమయ్యేది ఈ నెలల్లోనే.

రోజులో ఏ వేళ అన్నదానికి సమాధానం సూటిగా ఉంది: తెల్లవారుజామున, మళ్లీ మునిమాపున. వలసకాలంలో ఈ పిట్ట ఉదయం ఆరింటి ప్రాంతంలోనూ సాయంత్రం ఆరింటి ప్రాంతంలోనూ కూస్తుందని తమిళ పల్లెల్లో ఏనాటి నుండో ప్రతీతి. విశాఖలో మే నెలాఖరున సూర్యోదయం సుమారు 5 గంటల 20 నిమిషాలకు అవుతుంది. కూత అంతకు ముందే, వెలుతురు పలచగా పరచుకుంటున్నప్పుడే మొదలవుతుంది. అందువల్ల 5 గంటలకు అడవి అంచున ఉండాలి, 5 గంటలకు ఇంటి దగ్గర బయలుదేరడం కాదు. ఎనిమిది దాటితే మే ఎండకు పిట్టా మనిషీ ఇద్దరూ నీడ వెతుక్కోవలసిందే.

మూడవ అంచె: చోటును ఎంచుకోవడం

కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం నగరానికి అత్యంత దగ్గరలో ఉన్న మంచి చోటు. ఒకప్పుడు విజయనగరం సంస్థానాధీశుల ఆధీనంలో ఉన్న ఈ అడవి తరువాత అటవీశాఖ చేతికి వచ్చింది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఎండను తట్టుకునే పచ్చని అడవి, ముళ్లపొదలు, మధ్యమధ్య గడ్డినేలలు కలిసిన ఈ కొండలు జాతీయ రహదారి పక్కనే మొదలవుతాయి. లోపలికి అనుమతి ఉన్న కాలిబాటల మీదనే నడవాలి. చిరుతపులులు ఉన్న అడవి కనుక తెల్లవారుజామున ఒంటరిగా, బాట వదిలి వెళ్లడం తగదు. ప్రవేశ వేళలు మారుతుంటాయి గనుక ముందురోజే గేటు దగ్గర కనుక్కోవాలి. గేటు తెరిచే వేళకు కూత వేళ దాటిపోయేట్టయితే, గేటు బయట అడవి అంచు వెంబడి నిలబడి వినడం మేలు. దాన్ని ఆనుకునే ఉన్న ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాలలో కూడా పెద్ద చెట్ల నీడ ఉంది గాని, అక్కడ సందర్శకుల రద్దీకి ముందు వెళ్లగలిగితేనే ప్రయోజనం.

సింహాచలం కొండ వాలుల్లో పనస, సంపెంగ, అనాస తోటలు అడవితో కలిసిపోయే చోట్లు ఉన్నాయి. తోటకూ అడవికీ నడుమ ఉండే ఈ సరిహద్దు నేల పొన్నంగికి నప్పుతుంది. చందనోత్సవం నాడు, ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరి ప్రదక్షిణ నాడు ఆ వైపు పక్షుల కోసం వెళ్లే ఆలోచన మానుకోవడమే ఉత్తమం. ముడసర్లోవ చుట్టుపక్కల కొండ పాదాలు కూడా చూడదగినవే. ఒక రాత్రి బస చేయగలిగినవారికి అరకు దారిలో సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న త్యాడ, ఆ పైన అనంతగిరి ఘాట్ అడవులు మరింత తేమగా, దట్టంగా ఉంటాయి. ఆ ప్రాంతం 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

ఏ కొండకు వెళ్లినా, అందులో కూర్చోవలసిన చోటును మూడు లక్షణాలను బట్టి నిర్ణయించుకోవాలి. మొదటిది నీడ: మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా మాత్రమే పడే చోటు కావాలి. రెండవది ఆకుల పరుపు: కాలితో కదిపితే పై ఆకులు పొడిగా, కింది ఆకులు తడిగా, నల్లగా ఉండాలి. పురుగులూ వానపాములూ ఉండేది ఆ తడి పొరలోనే. మూడవది నీటి జాడ. వేసవిలో ఎండిపోయినట్టు కనిపించే గెడ్డల ఒడ్డున కూడా నేల లోపల చెమ్మ మిగిలి ఉంటుంది. గెడ్డ వంపు తిరిగే చోట, పొదల కింద అడుగు ఎత్తు ఖాళీ ఉండి లోపలికి చూపు పారే చోట, పిట్ట దొరికే అవకాశం ఎక్కువ. లంటానా అనే ముళ్లపొద నేలదాకా అల్లుకుపోయిన చోట పిట్ట ఉన్నా మనకు కనిపించదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ కొండల మీద ఎన్నో పెద్ద చెట్లను కూల్చివేసింది; అలా పైనీడ పోయిన చోట నేల ఎండిపోయి ముళ్లపొదలు కమ్ముకుంటాయి గనుక, కొత్తగా పెరిగిన పొదల కన్నా పాత చెట్లు మిగిలిన లోయలను ఎంచుకోవడం మంచిది.

నాలుగవ అంచె: సరంజామా

బైనాక్యులర్ మీద రాసి ఉండే రెండు అంకెలలో మొదటిది ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండవది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెండవ దాన్ని మొదటి దానితో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వ్యాసం వస్తుంది: 8×42కు అది సుమారు 5.2 మిల్లీమీటర్లు, 10×42కు 4.2. పొన్నంగి తిరిగేది మసక వెలుతురులో గనుక ఎక్కువ రెట్లు చూపే దాని కన్నా ఎక్కువ వెలుతురు ఇచ్చే 8×42 ఇక్కడ మెరుగు. దగ్గరి వస్తువు మీద కూడా, రెండు మూడు మీటర్ల దూరంలో సైతం, స్పష్టంగా నిలిచేదై ఉండాలి.

దుస్తులు మట్టి రంగులో, ఫుల్‌ప్యాంటు, చీలమండ దాటే బూట్లు ఉండాలి. పొన్నంగికి నచ్చే ఆకుల పరుపే రక్తపింజరికీ నచ్చుతుంది. కాబట్టి కూర్చునే ముందు చోటును కర్రతో తట్టి చూసుకోవడం తప్పనిసరి. నీళ్లు, చిన్న చాప, దోమల మందు సరిపోతాయి.

ఐదవ అంచె: చెవికి పని చెప్పడం

పొన్నంగి కూత రెండు భాగాల స్పష్టమైన ఈల. మొదటి స్వరం పైకి లేస్తుంది, రెండవది కిందికి జారుతుంది: ‘వీ...ట్, ట్యూ’. ఒక్కొక్కప్పుడు ముందు ఒక చిన్న స్వరం కలిసి మూడు భాగాలుగా వినిపిస్తుంది. కూసేటప్పుడు పిట్ట తలను వెనక్కి వాల్చి ముక్కును ఆకాశం వైపు ఎత్తుతుంది. ఒకటి కూయగానే పక్కనున్న మరొకటి అందుకోవడం, ఆ వెంట మూడోది పలకడం కూడా ఉంది. అలాంటి ఉదయాన రెండు మూడు దిక్కుల నుండి వచ్చే ఈలలను బట్టి ఎన్ని పిట్టలున్నాయో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు.

ఇక్కడ ఒక శాస్త్ర విషయం పనికి వస్తుంది. చూడడానికి పాటపిట్టలాగే ఉన్నా పొన్నంగి అసలైన పాటపిట్టల శాఖకు చెందదు. కొమ్మను పట్టుకుని కూర్చునే పక్షుల పెద్ద వరుసలో రెండు ప్రధాన శాఖలున్నాయి. బుల్‌బుల్, గోరింక, తేనెపిట్ట వంటివి ఒక శాఖలోనివి. వీటి పిల్లలు పెద్దవాటిని విని పాట నేర్చుకుంటాయి, అందువల్ల పాటలో ప్రాంతానికో తీరు, పిట్టకో తీరు కనిపిస్తాయి. పొన్నంగి, దాని దగ్గరి చుట్టాలైన పిట్టా జాతులు రెండో శాఖలోనివి. వీటి గొంతులోని ధ్వని పెట్టె అమరిక అంత సంక్లిష్టం కాదు, కూత ఎక్కువగా పుట్టుకతో వచ్చేదే. నేర్చుకునేవారికి ఇది గొప్ప సౌకర్యం: ఇతరుల కూతను అనుకరించే ఏట్రింత వంటి పిట్టలతో వచ్చే చిక్కు దీనితో రాదు. బయలుదేరే ముందు రెండు మూడు రోజులు జెనో-కాంటో వెబ్‌సైట్‌లో లభించే రికార్డింగులను విని ఈ ఈలను మనసుకు పట్టించుకోవాలి. కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ యాప్ కూతను విని పేరు సూచిస్తుంది. అది సహాయమే గాని తీర్పు కాదు, ఫోను చెప్పిన పేరును చెవి ఒప్పుకున్న తరువాతే నమ్మాలి.

అడవి అంచుకు చేరాక వెంటనే లోపలికి నడవకూడదు. పదిహేను నిమిషాలు నిలబడి, కూత ఏ దిక్కు నుండి వస్తోందో గమనించి, పాతిక ముప్పై అడుగులు పక్కకు జరిగి మళ్లీ వినాలి. రెండు చోట్ల నుండి చెవి చూపిన గీతలు ఎక్కడ కలుస్తాయో పిట్ట ఉజ్జాయింపుగా అక్కడ ఉంటుంది. ఒక్క చోటే నిలబడి దూరాన్ని అంచనా కట్టడం ఈ పిట్ట విషయంలో పనికిరాదు; ఈల పదునుగా ఉండి లోయలో ప్రతిధ్వనిస్తుంది, దూరాన ఉన్నది దగ్గరగానే ఉన్నట్టు తోస్తుంది. కూసేవేళ పిట్ట చెట్టు మీద ఉండవచ్చు గనుక, ఈ ఒక్క సందర్భంలో మాత్రం తల ఎత్తి నడిమి కొమ్మలను కూడా పరిశీలించాలి.

ఆరవ అంచె: కదలకుండా కూర్చోవడం

దిక్కు తెలిసిన తరువాత పిట్ట వెంట పడితే అది లోపలికి జరుగుతూనే ఉంటుంది. దానికి బదులు ఆ దిక్కున నీడ, ఆకుల పరుపు ఉన్న చోటు చూసుకుని, పదిహేను ఇరవై మీటర్ల దూరంలో చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చోవాలి. నిలబడిన మనిషి కన్నా కూర్చున్న మనిషిని అడవి త్వరగా మరిచిపోతుంది. పైగా కూర్చుంటే చూపు పొదల కింది ఖాళీలోకి నేరుగా పారుతుంది. ఇద్దరికి మించి ఒక చోట కూర్చోకూడదు.

మొదటి అరగంట ఏమీ జరగదు. పిగిలి పిట్టలు అరుస్తాయి, జెముడుకాకి ఎక్కడో ‘ఊప్ ఊప్’ అంటుంది. అప్పుడు చూపును ఒకే బిందువు మీద నిలపకుండా, ఆకుల పరుపునంతా ఒక్కసారిగా చూస్తున్నట్టు వదులుగా ఉంచాలి. ఆకు ఎగిరి పడిన చోట బైనాక్యులర్ పెట్టాలి, ఆకులు కదిలిన శబ్దం వచ్చిన ప్రతి చోటా కాదు. బల్లులు, తొండలు కూడా శబ్దం చేస్తాయి గాని ఆకును తిరగేసి పక్కకు విసిరేది పక్షే. పిట్ట కనిపించాక చేతులు నెమ్మదిగా లేపాలి. అది మనల్ని చూసి బిగుసుకుని నిలబడితే మనమూ బిగుసుకోవాలి. తోక ఆడించడం తిరిగి మొదలైతే దాని బెదురు తీరిందని అర్థం.

ఏడవ అంచె: ఫోటో

గెంతుకూ గెంతుకూ మధ్య పిట్ట నిశ్చలంగా నిలుస్తుంది గనుక సెకనులో 125వ వంతు షట్టర్ వేగం కూడా సరిపోతుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టుకునే స్థాయి) పెంచితే చిత్రం కొంత గరుకుగా వస్తుంది, అయినా ఫ్లాష్ వాడకూడదు. కెమెరాను నేల మట్టానికి దించి, గింజలు నింపిన గుడ్డ సంచి మీద ఆనించాలి.

ఎనిమిదవ అంచె: చేయకూడని పనులు

ఫోనులో కూత వినిపించి పిట్టను రప్పించడం ఇప్పుడు బాగా వ్యాపించిన అలవాటు. దాన్ని నేను ఒప్పుకోను. మే, జూన్ నెలల్లో తన హద్దులోకి మరో మగపిట్ట వచ్చిందనుకుని అది తిండి మాని, దాగి ఉన్న చోటు వదిలి బయటికి వస్తుంది. ఒకరు ఒక్కసారి చేస్తే పోయే నష్టం కాదిది, నగరం పక్కనున్న అడవిలో ప్రతి ఆదివారం పదిమంది అదే పని చేస్తే కలిగే నష్టం. పురుగులను ఎర వేసి కెమెరా ముందుకు పిలవడం కూడా ఇలాంటిదే.

గూడు కట్టే కాలం జూన్ నుండి ఆగస్టు వరకు. ఎండుటాకులతో, గడ్డితో గుండ్రంగా, పక్కన ద్వారంతో నేల మీదనో తక్కువ ఎత్తు కొమ్మల్లోనో గూడు ఉంటుంది. తెల్లగా నిగనిగలాడే నాలుగైదు గుడ్లు, వాటి మీద ముదురు ఎరుపు, ఊదా చుక్కలు. నోట ఎండుటాకులు కరుచుకుని పోతున్న పిట్ట కనిపిస్తే ఆ ఉదయానికి పరిశీలన ముగించి వచ్చిన దారినే వెనక్కి రావాలి. మనిషి నడిచిన దారి వెంట కుక్కలు, ముంగిసలు వచ్చే ప్రమాదం ఉంది. ఫోటోలు పంచుకునేటప్పుడు గూడున్న చోటు చెప్పకూడదు.

తొమ్మిదవ అంచె: నమోదు

చూసిన తేదీ, వేళ, చోటు, కూత విన్నారా కంటితో చూశారా అన్నది పక్షుల పరిశీలనలను పోగుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. కనిపించని ఉదయాల జాబితాలు కూడా పంపాలి. పిట్ట ఎప్పుడు వస్తుందో తెలియడానికి, అది లేని రోజుల లెక్క ఉన్న రోజుల లెక్కంత అవసరం. విశాఖలో తొలి కూత వినిపించిన తేదీని ఏటా రాసి ఉంచుకునేవారు నలుగురున్నా, వానల రాకకూ కూతకూ ఉన్న సంబంధం మన కొండల మట్టుకు స్పష్టపడుతుంది.

పదవ అంచె: ఇంటి దగ్గర పడిపోయిన పిట్ట

అక్టోబర్‌లో రాత్రి ప్రయాణం చేస్తూ అలసిన పొన్నంగులు వీధి దీపాల వెలుగుకు దారి తప్పి, అద్దాల కిటికీలకు కొట్టుకుని, వరండాల్లో, మేడ మెట్ల మీద పడిపోవడం జరుగుతుంటుంది. రంగులు చూసి ఎవరి పంజరం నుండో తప్పించుకున్న విదేశీ పక్షి అనుకుని పంజరంలో పెట్టేవారున్నారు. అలా చేయకూడదు. మెత్తని గుడ్డతో నెమ్మదిగా ఎత్తి, అడుగున గుడ్డ పరిచి గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో ఉంచి, మూత వేసి, పిల్లులకూ చీమలకూ అందని నిశ్శబ్దమైన గదిలో పెట్టాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. అవి శ్వాసనాళంలోకి పోతే పిట్ట చనిపోతుంది. అన్నం, గింజలు, పండ్లు దీని తిండి కాదు.

గంట గంటన్నర తరువాత పెట్టెను చెట్లూ పొదలూ ఉన్న తోటలోకి తీసుకువెళ్లి, కాకులు లేని చోట నేల మీద పెట్టి మూత తీసి దూరంగా జరగాలి. తేరుకున్న పిట్ట తనంత తానే పొదల్లోకి గెంతిపోతుంది. గాలిలోకి విసిరి ఎగరగొట్టే ప్రయత్నం చేయకూడదు. రాత్రి దొరికితే తెల్లవారే వరకు పెట్టెలోనే ఉంచి, వెలుతురు రాగానే వదలాలి. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా, వదిలినా కదలలేకపోయినా ఆలస్యం చేయకుండా అటవీశాఖ వారికి తెలిపి అప్పగించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత పక్షి కనుక, నయం చేసే ఉద్దేశంతోనైనా ఇంట్లో ఉంచుకుని పెంచడానికి వీలు లేదు.